వండే చేతికి ఏది ఇష్టం?

విమల ‘వంటిల్లు’ కవిత గురించి మాట్లాడేటప్పుడల్లా మనం దాని ముగింపు దగ్గరికే పరుగెత్తుతాం. వంటిళ్లను కూలగొడదామన్న ఆ పిలుపు తెలుగు స్త్రీవాద కవిత్వానికే ఒక గుర్తుగా నిలిచిపోయింది. 1990లో ‘అడవి ఉప్పొంగిన రాత్రి’ సంపుటితో, 1993లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండో సంపుటంతో అది చాలా దూరం వెళ్లింది. సెమినార్లలో, క్లాసుల్లో మేం చెప్పేదీ ఆ ముగింపే. కానీ కవిత మొదలయ్యేది కోపంతో కాదు. నోరూరించే వాసనలతో, పోపుల డబ్బాలో దాచుకున్న తాయిలాలతో, పప్పూబెల్లాలతో ఆడుకున్న వంటలాటతో.

ఆ ఆటస్థలమే ఆడపిల్ల ఎదిగేకొద్దీ ఆమెకి శిక్షణాలయం అవుతుంది. అమ్మ పాతకాలం పిండివంటలు చేసింది, కూతురు కేకులూ పుడ్డింగులూ చేస్తోంది. గిన్నెల మీద పేరు మాత్రం అప్పుడు నాన్నది, ఇప్పుడు భర్తది. ఈ పేరు గురించి మనం చాలా రాశాం. మరి ఆ కేకు ఆమెకి ఇష్టమేనా? తాయిలం తిన్న పిల్ల వడ్డించే మనిషయ్యాక ఆమె నాలుక ఏమైంది? కవితలోనే ఉన్న ఈ ప్రశ్నని మన విమర్శ పట్టించుకోలేదు. చాకిరీని లెక్కగట్టడం నేర్చుకున్నాం గానీ రుచిని లెక్కలోకి తీసుకోలేదు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి తన పేరు మర్చిపోతుంది. నాకనిపిస్తుంది, పేరు కంటే ముందే ఆమె తనకి ఏం తినాలని ఉందో మర్చిపోయి ఉంటుంది. పేరైతే సర్టిఫికెట్లలో దొరుకుతుంది. ఇష్టానికి సర్టిఫికెట్ ఎక్కడుంది?

మాలతీ చందూర్ నవల ‘హృదయనేత్రి’కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నవలల మీద పరిశోధన చేయడానికి మనకి అభ్యంతరం లేదు. ఆవిడే రాసిన ‘వంటలు-పిండివంటలు’ మాత్రం సాహిత్య చర్చలోకి రాదు. ఎందుకు రాకూడదు? మన వంటల పుస్తకాల భాషే చూడండి. నానబెట్టాలి, రుబ్బాలి, వేయించాలి, వేడివేడిగా వడ్డించాలి. వాక్యం వడ్డించడం దగ్గర ఆగిపోతుంది. వండిన మనిషి కంచం ముందు కూర్చునే వాక్యం రాదు.

ఇంకో మాట. ‘వంటిల్లు’ కవితలో పక్కనే పూజగది ఉంది. వంటకో గది, దేవుడికో గది ఉన్న ఇల్లది. పొయ్యీ పడకా ఒకే గదిలో ఉన్న ఇళ్లలో కూలగొట్టడానికి విడిగా వంటిల్లేదీ? గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’ పక్కన పెట్టుకుని చదివితే, ‘మన వంటిల్లు’ అనేముందు ఆగి ఆలోచించాల్సి వస్తుంది. చాకిరీ అందరిదీ కావచ్చు, గోడలు మాత్రం అందరివీ ఒకటి కావు.

సికింద్రాబాద్‌లో మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని నేను. మా ఇంట్లో సాయంత్రం తిండంటే సర్వపిండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారం, ఉల్లిపాయలు కలిపి, గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచుతారు. అడుగున ఎర్రగా కాలి కరకరలాడే పొర కోసం మేం కొట్టుకునేవాళ్లం. అమ్మకి మెత్తటి మధ్యభాగం మిగిలేది. ‘నాకదే ఇష్టం బిడ్డా’ అనేది. అది ఇష్టమా, అలవాటా? మిగిలినదానికే ఇష్టమని పేరు పెట్టుకోవడం కూడా పితృస్వామ్యం నేర్పిన భాషే.

ఒకసారి మా విద్యార్థినులను ‘అమ్మకి ఇష్టమైన తిండి’ గురించి ఒక పేజీ రాయమన్నాను. ఎక్కువమంది అమ్మ బాగా చేసేవాటి గురించి రాశారు. ఒకమ్మాయి మాత్రం ఇలా రాసింది: వాళ్లమ్మ పని నుంచి వస్తూ మోండా మార్కెట్ దగ్గర ఆగి, బండి పక్కన ఒక్కతే నిలబడి నాలుగు మిర్చిబజ్జీలు తిని, మూతి తుడుచుకుని బస్సెక్కుతుంది. ఇంటికి పొట్లం కట్టించుకోదు. ‘అమ్మ స్వార్థపరురాలా మేడం?’ అని ఆఖర్లో అడిగింది.

ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన కథల్లో త్యాగమూర్తులున్నారు, తిరగబడ్డవాళ్లున్నారు. పంచకుండా, సంజాయిషీ ఇవ్వకుండా, వేడి బజ్జీని ఊదుకుంటూ తిన్న స్త్రీలు ఎంతమంది? ఆ తల్లి ఏ గోడా కూల్చలేదు. పది నిమిషాలపాటు ఎవరికీ వడ్డించలేదు, అంతే. ఆ పది నిమిషాలని స్వార్థమనకుండా చెప్పడానికి మనకింకా మాట లేదు. ఆ మాట కోసం వెతకడం స్త్రీవాద విమర్శ చేయాల్సిన పనే.