ఫ్రీవీల్ విప్పే చెయ్యి

కోనసీమ కాలువగట్ల మీద కొబ్బరికాయలు మోసే పాత సైకిళ్లు ఇంకా తిరుగుతున్నాయంటే, ఆ ఘనత అంబాజీపేట, రాజోలు రోడ్ల పక్క మెకానిక్కులదే. పెడలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ తీసి ఫిక్స్‌డ్ గేరు బిగించమంటే వాళ్లలో మంచి పనివాడు ముందు హబ్బు చూస్తాడు. మామూలు హబ్బుకు ఒకటే మర. పళ్లచక్రం ఎంత బిగించినా, వెనక్కి తొక్కి ఆపబోతే ఊడొచ్చు. దాన్ని ఊడనివ్వని ఎడమ మర లాక్‌రింగు పట్టే ట్రాక్ హబ్బే క్షేమం. ఆపైన ఇరుసును గాడిలో వెనక్కి లాగి, పెడలు చుట్టూ తిప్పుతూ చైను ఎక్కడ బిగుస్తుందో బొటనవేలితో పసిగడతాడు. ఆ వేలి లెక్క ఏ కొలబద్దకూ అందదు. వదులైన చైను జారితే చక్రం పట్టేస్తుంది మరి. ఫిక్స్‌డ్ గేరులో చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి, పంచెకట్టుకు అసలే పనికిరాదు! ఫ్యాషనుకు బ్రేకులు పీకేయమనే కుర్రాళ్లను కసిరి పంపేవాడే నాకు నచ్చిన మెకానిక్కు.