పట్టణముల వరుస సంఖ్యలు

స్వచ్ఛ సర్వేక్షణ ఫలితములు వెలువడినంతనే మన దినపత్రికలు పట్టణములను పరీక్ష వ్రాసిన బాలురవలె వరుసపెట్టి అచ్చొత్తుచున్నవి. స్థానము పెద్ద యక్షరములలో నుండును. అది దేనివలన వచ్చెనో చెప్పువారరుదు. మా యభ్యంతరమీ లోపమును గూర్చియే గాని సర్వేక్షణమును గూర్చి కాదు. 2017 మొదలు 2023 వరకు ప్రథమస్థానమందిన ఇండోరు, తడిచెత్తను పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయు పద్ధతికి దేశమంతట పేరు తెచ్చినది. పోటీ వలన మేలు లేకపోలేదు.

విశాఖపట్టణమును చూడుడు. 2017లో 434 పట్టణములలో దానిది 3వ స్థానము, 2018లో 7, 2019లో 23, 2020లో మరల 9. నగరము రెండేండ్లలో మురికికూపమై మరుసటి యేట శుభ్రపడెనా? 2017లో మొత్తము మార్కులు 2000. 2019లో 5000, అందు 1250 ధ్రువపత్రములకై క్రొత్తగా నేర్పడినవి. పోటీ పట్టణములును 4,200 దాటినవి. కొలబద్దయే మారిన పిమ్మట ఎక్కెననియు దిగెననియు వాదించుట యెట్లు చెల్లును? అయినను సభలలో నిరుపక్షముల వారికిని ఆ యంకెయే యాయుధము. దేశముల వ్యాపార సౌలభ్యమునకు వరుసలిచ్చిన ప్రపంచ బ్యాంకు సైతము, 2018, 2020 సంచికల లెక్కలలో నక్రమములు బయటపడగా, 2021లో ఆ పట్టికనే మానుకొనవలసి వచ్చెను.

ఇక మన సీమ మాట. నంద్యాల 2022 ఏప్రిలు 4న జిల్లా కేంద్రమైనది. జనసంఖ్య రెండు లక్షల మేర. ఆళ్లగడ్డ లక్షకు లోబడిన పురపాలక సంఘము. జనసంఖ్యను బట్టి ఈ రెంటిని వేర్వేరు తరగతులలో నుంతురు గనుక, ఒకదాని స్థానముతో వేరొకదానిని దెప్పుట వ్యర్థము. వానకాలమున కుందూ, మద్దిలేరు, చామకాలువలు పొంగిన నంద్యాల పల్లపు వీధుల గతి యేమి? ఆళ్లగడ్డ శిల్పుల యులిదెబ్బకు లేచు రాతిదుమ్ము ఎవరి యూపిరితిత్తులలో చేరుచున్నది? ఈ ప్రశ్నలకు వరుస సంఖ్య బదులు చెప్పదు.

2022 నాటి 7500 మార్కులలో 2250 పౌరుల యభిప్రాయమునకు కేటాయింపబడినవి. అనగా చదువరులలోని గృహిణుల మాటకును విలువ గలదు. ఊరి పరువు నిలుపవలెనని యున్నదానికంటె మేలుగా చెప్పినచో, తమ వీధి కాలువ పూడికను తామే లెక్కలోనుండి తుడిచివేసినవారగుదురు. పత్రికలవారు స్థానముతోపాటు ఏ భాగమున నెన్ని మార్కులు వచ్చినవో, ఏ వార్డున చెత్తబండి వారమున కెన్నిమారులు వచ్చుచున్నదో అచ్చొత్తినయెడల, పురపాలక సభలో అడుగవలసినదేమో ఆ వార్డువారే తెలిసికొందురు.