పుక్కిటి నీళ్ళు ఏ ఏటివి?

2021 ఆగస్టులో ఒక కథాసంకలనం గురించి రాస్తూ మా చిత్తూరు వైపు కథలన్నిటినీ ‘కరువు సాహిత్యం’ అన్న ఒక్క మాటతో మూటగట్టేశాను. ఆ నవంబరులోనే శేషాచలం కొండల వాన తిరుపతి వీధుల్లో పారింది. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసేసి, ఓ మిద్దె ఇల్లు అలాగే ఏట్లోకి ఒరిగిపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఇంకా దిగువన శ్రీకాళహస్తి నుంచి మా అమ్మ ఫోన్. “ఏరొచ్చింది నాయనా.”

నది పొంగింది అనలేదామె. ఏడాదిలో ఎక్కువ నెలలు మాకు అక్కడ ఉండేది ఇసకే. మా క్రికెట్ అంతా అందులోనే. ఏరు అప్పుడప్పుడూ ‘వస్తుంది’.

ఈ క్రియాపదం నా వ్యాసంలో ఎక్కడా లేదు. మళ్ళీ పుస్తకాలు తీశాను. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో లేమి ఉంది, నిజమే. సేద్యం కూడా ఉంది. వంక, కయ్య, మొరవ అని మాట్లాడే మనుషుల భాష అది. మొరవంటే చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే చోటు. ఎప్పుడూ నిండని చెరువుకి ఆ మాటెందుకు?

ఇంకా వెనక్కి, పదహారో శతాబ్దపు ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’. తిన్నడు నీళ్ళు పుక్కిట పట్టి తెచ్చి లింగానికి అభిషేకం చేస్తాడు. అది ఎంగిలా, భక్తా అని నేను చదివిన వ్యాసాలన్నీ వాదించుకున్నాయి. ఆ నీళ్ళు ఏ ఏటివని మాత్రం ఎవరూ ఆగలేదు, నాతో సహా. గుడి గోడ పక్కనే పారే ఏరు! కలంకారీ వాళ్ళని అడిగితే చెబుతారు, పారే నీళ్ళలో జాడించకపోతే గుడ్డ మీద రంగు తేలదు. ఊరి పనీ, ఊరి దేవుడూ రెండూ ఆ గట్టుమీదే.

కరువు అబద్ధమనడం లేదు. నీళ్ళ కోసం కొట్లాడిన సీమ రచయితలకు ఆ మాట అవసరం, వాళ్ళు అన్నది న్యాయం. నాబోటి విమర్శకుల చేతిలో అది సెర్చ్ ఫిల్టరైంది. ఎండిన బావి, వలస, అప్పు దొరికితే సీమ కథ. తడి కనబడితే పక్కకి.

ఇలా చదవడం పుస్తకాలతో ఆగిపోయినా బాగుండేది. మా నాన్న ఏటి పక్క స్థలం కొన్నప్పుడు అమ్మినాయన “ఏరెక్కడుంది సార్, ఎండిపోయి ఎన్నేళ్ళయిందో” అన్నాడట. నాన్న నమ్మాడు. ఇంజనీరింగ్ చదువుతున్న నేనూ తలూపాను. నా వ్యాసంలో నేను రాసింది కూడా ఆ అమ్మినాయన మాటే, కాస్త గ్రాంథికంగా.

ఆ వాన రాత్రి నీళ్ళు మా రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. అప్పటినుంచి కార్తీకం వస్తోందనగానే అమ్మ ఇంటి కాగితాలూ, బియ్యం మూటా అటక మీదికి ఎక్కించేస్తుంది. పోయినసారి ఆ మూట పక్కన నా పుస్తకాల పెట్టె కూడా కనబడింది.