పండిత రమాబాయి సాక్ష్యము



ఆదివారమున మనమందరము లేచి నిలువబడి విశ్వాస ప్రమాణమును ఏకకంఠముతో పలుకుచున్నాము. పాపులకు క్షమాపణ కలదనియు, మృతులు తిరిగి లేతురనియు ఒప్పుకొనుచున్నాము. అది సంఘమంతయు కలిసి పలుకు మాట. ప్రక్కవాని స్వరము మన స్వరమును మోయును. అయితే ఒక మనుష్యుడు ఒంటరిగా నిలిచి, "నేను నమ్మినది ఇది, నాకు కలిగిన రక్షణ ఇట్టిది" అని చెప్పవలసి వచ్చినప్పుడు మోయువారెవరును ఉండరు. అట్లు ఒంటరిగా నిలిచి చెప్పిన చిన్న పుస్తకమొకటి కలదు. పండిత రమాబాయి 1907లో ఆంగ్లమున వ్రాసిన తన సాక్ష్యమే అది. దానిలోని మేలును, నాకు తోచిన కొరతను ఈ నెల మీ ముందర ఉంచగోరుచున్నాను.

రమాబాయి 1858లో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు శాస్త్రము తగదని లోకము చెప్పుచున్న దినములలో భార్యకు చదువు నేర్పెను. ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వినిపించుచు జీవించెను. 1870 తరువాత వచ్చిన గొప్ప కరవులో వారి ధనమంతయు అయిపోయెను. అప్పుడు వారు మన తెలుగు నేలమీదనే, తిరుపతి కొండ ప్రాంతమున ఉండిరి. చివరి గింజయు అయిపోగా అడవిలో ఆకులు తిని, నీళ్లు త్రాగి దినములు గడిపిరి. ఆ కరవు దినములలోనే తండ్రి మరణించెను. పిమ్మట తల్లి, ఆ తరువాత అక్కయు పోయిరి.

ఆమె 1883లో ఇంగ్లాండులోని వాంటేజిలో బాప్తిస్మము పొందెను. ఆమెను కదిలించినది వాదము కాదు. చెడిపోయిన స్త్రీలని లోకము త్రోసివేసినవారిని కొందరు క్రైస్తవ సహోదరీలు చేరదీసి ఆదరించుట చూచి, ఇట్టివారిని మీరేల ప్రేమించుచున్నారని అడిగెను. వారు ఆమెకు యోహాను సువార్త 4వ అధ్యాయములోని సమరయ స్త్రీ కథను చదివి చెప్పిరి. స్త్రీకి స్త్రీగా మోక్షము లేదని తాను చదివిన శాస్త్రములలో చూచిన ఆమెకు, బావి యొద్ద ఒక స్త్రీతో కూర్చుండి మాటలాడిన రక్షకుడు కనబడెను. ఈ భాగము పుస్తకమునకు హృదయము. రక్షణ యనగా ఏమో తెలియగోరు వారు ముందుగా దీనిని చదువవలెను.

ఆమె అక్కడ ఆగలేదు. బాప్తిస్మము పొందిన తరువాత ఎనిమిదేండ్లు తనకు క్రైస్తవ మతము దొరికినది గాని క్రీస్తు దొరకలేదని ఒప్పుకొనుచున్నది. అప్పటికి ఆమె పేరు పొందిన స్త్రీ. 1889లో బొంబాయిలో విధవల కొరకు శారదా సదనమును స్థాపించియుండెను. అట్టి స్త్రీ, తాను ప్రసంగించుచుండగానే మార్పు నొందిన ఒక ఆంగ్ల బోధకుని చరిత్ర చదివి, తనకు తక్కువైనదేమో తెలిసికొని, ఉన్నది ఉన్నట్లు పాపిగా ప్రభువునొద్దకు వచ్చినది. ఆ సంగతిని అందరు చదువునట్లు అచ్చు వేయించినది. సంఘపు రిజిస్టరులో పేరున్నది గనుక పరలోకమందును ఉన్నదని నిద్రపోవు మనకు ఇది మంచి మేలుకొలుపు.

ఇక నాకు తోచిన కొరత చెప్పెదను. ఆ ఎనిమిదేండ్లను గూర్చి ఆమె మిక్కిలి కఠినముగా వ్రాసినది. చదువరి ఆ సంవత్సరములు వట్టివని తలంచును. మన పల్లెలలో ఫలాని దినమున, ఫలాని గంటకు నేను రక్షింపబడితినని చెప్పలేని విశ్వాసులు అనేకులు. తల్లి ఒడిలో ప్రార్థన నేర్చుకొని, తెలియకుండనే ప్రభువును ప్రేమించినవారు వారు. తేదీ చెప్పలేనివానికి రక్షణ లేదని ఈ పుస్తకము చదివి ఎవడైనను భయపడినయెడల, అది రమాబాయి ఉద్దేశము కాదు. తెల్లవారినది ఏ క్షణముననో రైతుకు తెలియదు. కాని వెలుగు వచ్చెనని తెలిసి నాగలి కట్టును.

ఈ కొరతకు జవాబు ఆ పుస్తకములోనే మరియొక చోట ఉన్నది. తన తండ్రి మరణమును గూర్చి వ్రాయుచు, ఆయన సత్యదేవుని ఎరుగకపోయినను, తనకు తెలియని ఆ దేవునినే పూర్ణహృదయముతో సేవించెనని ఆమె చెప్పుచున్నది. చావబోవుచు తండ్రి ఆమెను దేవుని చేతికి అప్పగించి, ఆయననే సేవింపుమని చెప్పెను. ఏథెన్సులో పౌలు చూచిన బలిపీఠము (అపొ. కార్య. 17) నాకు జ్ఞాపకము వచ్చినది. అడవిలో ఆకులు తిన్న దినములలోనే ప్రభువు ఆమెను వెదకుచుండినయెడల, బాప్తిస్మము తరువాతి ఎనిమిదేండ్లు మాత్రము ఎట్లు వట్టివగును?

ఈ భాగము చదివి నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. మా నాయనమ్మ సంఘములో మొదటి తరము విశ్వాసి. ఉపదేశి మా పల్లెకు రాకముందే ఆమె తండ్రి కలరాతో చనిపోయెను. "అయ్యా, మా నాయన ఈ పేరు వినకుండ పోయినాడు. ఆయన ఎక్కడ ఉన్నాడు?" అని ఆమె వచ్చిన ప్రతి ఉపదేశిని అడుగుచుండెడిది. ఒకరు కఠినముగా జవాబిచ్చిరి, ఒకరు మెత్తగా మాట మార్చిరి. రమాబాయి అట్లు చేయలేదు. తండ్రి నశించెనని తీర్పు తీర్చలేదు. పరలోకమున ఉన్నాడని తన మాటగా ప్రకటింపనులేదు. ఆయన ప్రేమను, ఆయన ఎరుగనితనమును రెంటిని దాచక వ్రాసి, ఆయనను దేవుని యొద్దనే విడిచినది. సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము తప్పడని అబ్రాహాము నమ్మెను (ఆది. 18). మనకును అదియే చాలును.

అయితే చనిపోయినవారిని దేవునికి అప్పగించుట బ్రదికియున్నవారిని విడుచుట కాదు. 1896-97లో మధ్య పరగణాలలో కరవు వచ్చినప్పుడు రమాబాయికి తన పాత ఆకలి జ్ఞాపకము వచ్చెను. తానే వెళ్లి ఆకలిగొన్న బాలికలను, విధవలను వందలకొలదిగా తీసికొనివచ్చెను. పూనా సమీపమున కేడ్గావ్‌లోని ముక్తి మిషను వారికి ఇల్లాయెను. మానవజాతి భవిష్యత్తును గూర్చి ఆమె సాక్ష్యము ఇదియే. ఆమె లోకాంతపు లెక్కలు వేయలేదు. ప్రతి జనములో నుండి వచ్చి సింహాసనము ఎదుట నిలుచు సమూహములో (ప్రకటన 7) ఈ బాలికలును ఉండవలెనని ఇక్కడనే అన్నము పెట్టి, అక్షరము నేర్పెను. సామాన్య స్త్రీకి అర్థమగు మరాఠీలో బైబిలంతటిని అనువదించుచు, 1921లో ఒక్కగానొక్క కుమార్తె మనోరమను పోగొట్టుకొనియు ఆ పని మానక ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించెను.

సహోదరులారా, మా నాయనమ్మ ప్రశ్నకు నా యొద్ద ఇంతకంటె జవాబు లేదు. ఆమె నాయన దేవుని చేతిలో ఉన్నాడు. మన ప్రక్కయింటివాడు మాత్రము మన చేతికి అప్పగింపబడినాడు. వచ్చే ఆదివారము విశ్వాస ప్రమాణము పలుకునప్పుడు, ఒంటరిగా నిలిచినను ఆ మాటనే చెప్పగలమా యని మనలను మనము పరీక్షించుకొందము. ప్రభువు మనకు ఆ ధైర్యము దయచేయును గాక. ఆమేన్.