రోగి ప్రయాణము, దోమ ప్రయాణము

శాస్త్ర వ్యాసమును విమర్శించుట యనగా తప్పులెన్నుట కాదు. అది దేనిని ఋజువు పరచినది, దేనిని ఊహగా విడిచినది అని వేరుచేసి చూచుట. 2007లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రెజ్జా మున్నగువారు ప్రకటించిన వ్యాసమును ఈ దృష్టితో చదువుదము.

2006లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు పెక్కు రాష్ట్రములందు చికెన్‌గున్యా చెలరేగినది. మరుసటి యేడు ఇటలీలో, ఒక నదికి ఇరువైపులనున్న రెండు చిన్న గ్రామములందు అదే జ్వరము కనిపించెను. జూలై నుండి సెప్టెంబరు వరకు 205 మంది దీనికి లోనైరి. భారతదేశము నుండి బంధువుల యింటికి వచ్చి, అక్కడ జ్వరపడిన ఒక వ్యక్తి తొలి రోగియై యుండునని పరిశోధకులు భావించిరి.

వ్యాసమునకు బలము దాని సమగ్రత. పరిశోధకులు రోగుల రక్తముతో తృప్తిపడక, దోమలను పట్టి వానిలోను వైరసును కనుగొనిరి. అయితే వ్యాధి వ్యాపించుచున్నదని అధికారులు గుర్తించినది ఆగస్టులో. అప్పటికే అది కొన్ని వారములుగా సాగుచుండెను. కావున తొలి రోగిని వెనుకకు పోయి వెదకవలసి వచ్చినది. అందుచేతనే వ్యాసకర్తలు ‘భావింపబడిన’ తొలి రోగి అని జాగ్రత్తగా వ్రాసిరి. ఈ కథను తిరిగి చెప్పువారు ఆ మాటను జారవిడిచి, ‘భారతీయుడు తెచ్చిన జబ్బు’ అనుట న్యాయము కాదు. టైగర్ దోమ లేనిచో ఆ జ్వరము ఒక్కనితోనే ముగిసెడిది. ఆ దోమ 1990లోనే ఇటలీలో కనిపించినది. పాత టైర్ల వ్యాపారము దానికి వాహనమైనది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి ఎందరో గల్ఫ్ దేశములకు పోయి వచ్చుచుందురు. కొడిమ్యాలకు చేరువనున్న కొండగట్టుకు దూరప్రాంతముల యాత్రికులు వత్తురు. దోమ కుట్టిన పిమ్మట జ్వరము కనిపించుటకు సాధారణముగ మూడు నుండి ఏడు దినములు పట్టును. ఆ నడుమ వచ్చినవానిని విమానాశ్రయమందలి ఉష్ణమాపకము పట్టజాలదు. ‘ఈ రెండు వారములలో ఎక్కడికి వెళ్లివచ్చితిరి?’ అని జ్వరపీడితుని అడుగు గ్రామ వైద్యుడే మేలైన కాపలాదారు.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక పట్టిక వ్రాయింపవచ్చును: ఒకవైపు ఊరికి వచ్చిపోవు మార్గములు, మరొకవైపు నీరు నిలుచు గోలెములు, కూలర్లు, పాత టైర్లు. మొదటి వరుసను మనము ఆపలేము, ఆపనక్కరలేదు. రెండవ వరుసను వారమున కొకమారు ఖాళీచేసి, అంటుకొనియున్న గ్రుడ్లు పోవునట్లు తోమి ఆరబెట్టగలము.