రాధికాసాంత్వనము: ప్రగల్భకు పిదప నాయిక

ఆలంకారికులు నాయికను ముగ్ధ, మధ్య, ప్రగల్భ యని విభజించి యచ్చటనే నిలిచిరి. పై వయస్సునందలి స్త్రీకి శృంగారమున స్థానము కల్పింపరైరి. వైద్యులు ముందునకు నడచిరి. సుశ్రుతసంహిత రజోనివృత్తికి 50వ యేటిని చెప్పినది. తెలుగున నిదియే ముట్లుడుగుట. ఉడిగినవి ముట్లే కాని కోరిక కాదు. లోకము మాత్రము రెంటిని నొకటిగా నెంచినది.

18వ శతాబ్దమున తంజావూరున ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమున రాధ, తాను పెంచిన యిళను కృష్ణునకిచ్చి పెండ్లి చేసి, పిదప విరహమున వేగినది. రాధకు ముట్లుడిగినవని నేననను. పెంచిన పిల్ల కాపురమునకు పోయినంతనే పెంచినదాని కోరిక యడగదనుటయే యిందలి విశేషము.

వీరేశలింగము పంతులుగారు దీనిని నీతిబాహ్యమని నిందించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించినది. ఒంగోలు సీమవారగు టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు ప్రధానిగా నా నిషేధమును తొలగించిరి. వాదమంతయు నశ్లీలము చుట్టును దిరిగినది. రాధ వయస్సును విచారించిన వారరుదు.

నేటి వైద్యము ననుసరించి, ఈస్ట్రోజెన్ తగ్గుటచే పొడితనము, నొప్పి, నిద్రలేమి కలిగి కొందఱికి కోరిక సన్నగిల్లును; కొందఱికి నిలుచును; గర్భభయము తీఱి మఱికొందఱికి హెచ్చును. ఇందు అందఱకు నొక్కటే విధి లేదు.

కావున నాయికాభేదమును బోధించు పండితులు ప్రగల్భతో నిలువక రాధను గూడ చూపవలయును. లేనిచో నేబదియేండ్ల స్త్రీ తన మనస్సును సాహిత్యమున వెదకి పరిహాసమునే కాంచును.