ఆమని ఏ స్వరంలో ఉంది?

ఉగాది దగ్గరపడితే చాలు, వసంతకాలపు పాటల జాబితా ఒకటి వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. కోయిల, చిగురు, మల్లె అన్న మాటలున్న పాటలే అందులో ఎక్కువ. అవన్నీ మంచి పాటలే. 'సీతామాలక్ష్మి' కోసం కృష్ణశాస్త్రి రాసిన మావిచిగురు పాట వినందే నాకూ చైత్రం వచ్చినట్టుండదు. అయితే మన సంగీతంలో వసంతం మాటల కంటే ముందు రాగాల్లో చేరింది. ఆ సంగతి తెలిసి వింటే జాబితా స్వరూపమే మారిపోతుంది.

త్యాగరాజస్వామి 'సీతమ్మ మాయమ్మ' కీర్తననే తీసుకోండి. సీతారాములు తల్లిదండ్రులనీ, వారి పరివారమంతా తన తోబుట్టువులనీ చెప్పుకునే సాహిత్యం. ఎక్కడా పూవు లేదు, కోయిల లేదు. అయినా విన్నవాళ్ల ప్రాణం లేచివస్తుంది. అదంతా వసంత రాగం చేసే పని. స మ గ మ ద ని స అంటూ షడ్జం నుంచి రిషభ గాంధారాలను దాటి ఒక్కసారి మధ్యమం మీదికి దూకుతుంది. గాంధారాన్ని పలకరించి మళ్లీ పైకి సాగుతుంది. పంచమం అసలు లేదు. నడుమ కాసేపు నిలబడడానికి ఆ మెట్టు లేకపోవడంతో గొంతు ధైవత నిషాదాల మీదుగా పై షడ్జం దాకా వెళ్లితీరాలి. రిషభం దిగివచ్చేటప్పుడే వినిపిస్తుంది. ఆ ఎగువ చూపులోనే వసంతమంతా ఉందని నా నమ్మకం.

ఇందులో ధైవతం చతుశ్రుతి. దాన్ని ఒక్క స్థానం దించి శుద్ధ ధైవతం చేస్తే అది లలిత రాగమవుతుంది. శ్యామశాస్త్రి 'నన్ను బ్రోవు లలిత'ను, పైన చెప్పిన త్యాగరాజ కీర్తనను వెంటవెంటనే వినండి. మిగిలిన స్వరాలన్నీ అవే, ధైవతం ఒక్కటే మారింది. అంతలోనే వేడుక పోయి వేడుకోలు వస్తుంది. రాగం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

జయదేవుడి గీతగోవిందంలో మూడో అష్టపది వసంత వర్ణనే. దానికి కావ్యంలో చెప్పిన రాగం కూడా వసంతమే. పన్నెండో శతాబ్దం నాటికే ఈ ఋతువుకు ఆ పేరుతో రాగం ఉందన్నమాట.

హిందుస్తానీలో బసంత్ పేరుకు ఇదే అయినా స్వరాలు వేరు. రిషభ ధైవతాలు కోమలం, మధ్యమాలు రెండూ వస్తాయి. కానీ అదీ తారాషడ్జం చుట్టూ తిరిగే రాగమే. దానికి తోడు బహార్. అందులో కోమల గాంధారం, రెండు నిషాదాలు. మామూలుగా ఇవి రాత్రి రాగాలు. వసంతంలో మాత్రం ఏ వేళనైనా పాడుకోవచ్చని సంప్రదాయం. 1956 నాటి హిందీ చిత్రం 'బసంత్ బహార్'లో భీమ్‌సేన్ జోషి, మన్నాడే పోటాపోటీగా పాడిన పాట బసంత్‌కు మంచి ప్రవేశం.

ఇక మన సినిమాల్లో నేను అగ్రతాంబూలం ఇచ్చేది 'సువర్ణసుందరి' (1957)లోని 'హాయి హాయిగా' పాటకు. ఘంటసాల, జిక్కి గొంతులు, ఆదినారాయణరావు సంగీతం. పాట సోహినిలో మొదలవుతుంది. దానికీ పంచమం లేదు, దాని నివాసమూ పై స్వరాల్లోనే. అక్కడి నుంచి బహార్‌కు, ఆపైన జౌన్‌పురికి, చివరకు యమన్‌కు సాగుతుంది. సోహిని నుంచి బహార్‌కు మారేచోట చెవి పెట్టి వినండి. గాంధారం కోమలమై, సోహినిలో లేని పంచమం వచ్చి చేరుతుంది. గొంతుకు కుదురు దొరుకుతుంది. ఇదే బాణీని హిందీలో లత, రఫీ పాడారు. అదీ గొప్పగానే ఉంటుంది. జిక్కి గొంతులోని చిలిపి మెరుపు మాత్రం నాకు తెలుగు పాటలోనే దొరికింది.

ఈ పాటలను వరుసలో పెట్టుకుంటే త్యాగరాజుతో మొదలుపెట్టండి. అష్టపది, బసంత్ అయ్యాక 'హాయి హాయిగా' వినండి. మావిచిగురు పాటను చివరికి ఉంచండి. ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్లలుంటే తచ్చూరు సింగరాచార్యుల వసంత వర్ణం ఈ ఉగాదికి వాళ్ల చేత పాడించండి. తెలుగు వర్ణమే, ఆదితాళం.